స్టిల్ లైఫ్ ఫోటో ప్రింట్ అమ్మే ముందు రీటచింగ్: ఎక్కడ ఆపాలి?

తొలికిరణం | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నా ఫోటోను డబ్బులిచ్చి కొనుక్కుంటామని ఒకరు అడగడం ఇదే మొదటిసారి. సంతోషంగానూ ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

ఫోటోలో ఒక పాత రాగి కూజా, పక్కన మూత లేని ఆకుపచ్చ గాజు సీసా, అందులో ఎండిన పూలకొమ్మ, కింద నార గుడ్డ. వెలుగు ఎడమవైపు కిటికీ నుంచి. కుడివైపు నల్ల అట్ట పెట్టాను. వెనక ముదురు బూడిద రంగు గోడ, కుడివైపుకి వెళ్లేకొద్దీ మెల్లగా చీకట్లో కలిసిపోతుంది. కెమెరా 24 మెగాపిక్సెల్, ఫైలు 6000 × 4000, ఎఫ్/16లో (లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి) తీశాను. ఏ2 కాగితం మీద, చుట్టూ తెల్ల అంచు వదిలి, బొమ్మ 18 × 12 అంగుళాలు రావాలి.

ఫోన్‌లో చూసినప్పుడు ఏ లోపమూ కనిపించలేదు. కంప్యూటర్‌లో 100 శాతానికి పెంచి చూశాక గుండె జారింది. దుమ్ము, గుడ్డ నూగు, కూజా మెడ మీద నా వేలిముద్ర, కూజా పొట్టలో ట్రైపాడ్ (కెమెరా స్టాండ్) కాళ్ల ప్రతిబింబం, ఒక సొట్ట, గాజులో బుడగలు. మూడు రాత్రుల నుంచి హీలింగ్ బ్రష్ (మచ్చని చుట్టుపక్కల రంగుతో కప్పేసే సాధనం) పట్టుకుని తుడుస్తూనే ఉన్నాను. నిన్న పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదాంట్లో కూజా ప్లాస్టిక్‌లా కనిపించింది. అది రాగి అని ఎవరూ అనుకోరు.

ఎంత తుడవాలి, ఎక్కడ ఆపాలి? ప్రింట్‌కి పంపేముందు ఇంకా ఏం చూసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

షోకేస్ | సోమవారం, రాత్రి 9:50

నేను వస్తువుల ప్రకటనల ఫోటోలు రీటచ్ చేస్తాను. నా పనిలో అయితే మీరు చెప్పినవన్నీ పోవాల్సిందే, సొట్టతో సహా. కొనేవాళ్లు ఇచ్చే డబ్బుకి శుభ్రమైన బొమ్మ ఇవ్వడం మన బాధ్యత అని నా అభిప్రాయం.

ప్లాస్టిక్‌లా అయ్యిందంటే మీరు అసలు లేయర్ (ఫైల్‌లో ఒకదానిపై ఒకటి పరిచే పొర) మీదే, పెద్ద బ్రష్‌తో పని చేసి ఉంటారు. పైన ఖాళీ లేయర్ పెట్టుకోండి, బ్రష్‌ని కింది లేయర్ల నుంచి కూడా నమూనా తీసుకునేలా పెట్టండి. బ్రష్ మచ్చ కంటే రవ్వంత పెద్దగా ఉంటే చాలు. ఒక్కో మచ్చకి ఒక్క నొక్కు, రుద్దకూడదు. రుద్దిన చోటల్లా రాగి మీది సన్న గీతలు చెరిగిపోతాయి. ఇంకోటి, కూజా అంచు దగ్గర హీలింగ్ బ్రష్ వాడితే గోడ చీకటి లోపలికి పాకుతుంది. అంచుల దగ్గర క్లోన్ స్టాంప్ వాడండి, అది పక్క చోటిని ఉన్నదున్నట్టు నకలు చేస్తుంది.

16 బిట్‌లోనే పని చేయండి, అందులో ఒక్కో రంగుకి 8 బిట్ కంటే చాలా ఎక్కువ ఛాయలు ఉంటాయి. వెనక గోడ మీది నెమ్మది నీడ 8 బిట్‌లో మెట్లు మెట్లుగా విడిపోవచ్చు. ప్రింట్‌లో కూడా అది కనిపించొచ్చు.

చీకటిగది | సోమవారం, రాత్రి 10:31

తొలికిరణం గారూ, శుభాకాంక్షలు. మొదటి ప్రింట్ అమ్ముడుపోయిన రోజు మళ్లీ రాదు.

షోకేస్ గారు బ్రష్ గురించి చెప్పింది అక్షరాలా నిజం. సొట్ట విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ప్రకటనలో కూజాను అమ్ముతారు, కాబట్టి సొట్ట ఉండకూడదు. ఇక్కడ అమ్ముతున్నది ఆ వెలుగు ఆ కూజా మీద పడిన తీరును. ఆ సొట్ట దగ్గర వెలుగు ఎలా విరిగి ఉంటుందో ఒకసారి చూడండి. చూసేవాళ్ల కన్ను అక్కడికి వెళ్లి ఆగుతుంది. అది తీసేస్తే కూజా పొట్ట నున్నటి గుండు అవుతుంది.

నేను ప్రతి మచ్చ ముందూ ఒకటే అడుగుతాను. ఇది వస్తువుదా, ఆ రోజుదా? సొట్ట, గాజులో బుడగలు, రాగి మీద నల్లబారిన చోట్లు వస్తువువి. ఏళ్ల తరబడి దానితోనే ఉన్నాయి, ఉండనివ్వండి. దుమ్ము, నూగు, మీ వేలిముద్ర, ట్రైపాడ్ కాళ్లు ఆ రోజువి. అవి పోవాలి.

దుమ్ములో కూడా రెండు రకాలు. సెన్సర్ మీద దుమ్ము మసకగా, గుండ్రంగా, నల్లగా పడుతుంది. ఆ రోజు తీసిన అన్ని ఫ్రేముల్లోనూ అదే చోట ఉంటుంది. ఎఫ్/16లో తీశారు కాబట్టి బాగా కనిపిస్తుంది. వస్తువు మీది దుమ్ము సన్నగా, పదునుగా, వెలుగు తగిలి తెల్లగా మెరుస్తుంది. మొదటిది ఒక్కటి కూడా మిగలకూడదు. రెండోది కూజా భుజం మీద కొంచెం ఉంటే నేనైతే ముట్టుకోను, అక్కడ వెలుగు మెత్తగా కనిపించేది దానివల్లే. చీకటి గోడ ముందు ఎగిరే నూగు మాత్రం తీసేయాలి.

కొత్తచిగురు | సోమవారం, రాత్రి 10:44

చదువుతుంటే చాలా నేర్చుకుంటున్నాను. చీకట్లో ఉన్న దుమ్ము స్క్రీన్ మీద అసలు కనపడదు కదా, ఎలా పట్టుకుంటారు?

షోకేస్ | సోమవారం, రాత్రి 10:58

అన్నింటికంటే పైన ఒక కర్వ్స్ లేయర్ (ఒక గీతను వంచి వెలుగునీడలు మార్చే పొర) పెట్టి గీతను పాములా పైకీ కిందికీ రెండు మూడు సార్లు వంచండి. రంగులు వికారంగా మారిపోతాయి కానీ గోడ మీది ప్రతి మచ్చా, మీరు ముందు వేసిన ప్రతి అతుకూ పైకి తేలుతుంది. కింది లేయర్‌లో వాటిని సరిచేసి, పని అయ్యాక ఆ కర్వ్స్ తీసేయండి. తీయడం మర్చిపోవద్దు. నేను చూసిన ఒక ఫైలు అలాగే ప్రింట్‌కి వెళ్లింది.

చీకటిగది గారూ, "వస్తువుదా, ఆ రోజుదా" అన్న మాట బాగుంది. నా పనికి అది సరిపోదు కానీ ఈ ఫోటోకి సరిపోతుంది. సొట్ట మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తొలికిరణం | మంగళవారం, ఉదయం 7:20

రాత్రంతా ఆలోచించి పాత ఫైలు మళ్లీ తెరిచాను. మూడు రాత్రుల పని పక్కన పెట్టేశాను. బాధగా ఉంది కానీ అదే సరైన పని అనిపించింది. సొట్ట, బుడగలు ఉంచుతున్నాను.

ట్రైపాడ్ కాళ్లు మాత్రం కొరుకుడు పడటం లేదు. అవి కూజా పొట్ట వంపులో ఉన్నాయి. క్లోన్ చేస్తే వంపు చెడిపోతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఏఐతో నింపమంటే అక్కడ కొత్త కిటికీ ఒకటి పెట్టింది!

షోకేస్ | మంగళవారం, ఉదయం 8:05

క్లోన్ వద్దు, ఏఐ అసలే వద్దు. అది తెచ్చి అతికించిన ముక్క చుట్టూ ఉన్న గ్రెయిన్‌తో (ఫోటోలోని సన్నటి గరుకు చుక్కలతో) కలవదు. 18 అంగుళాల ప్రింట్‌లో ఆ ఒక్క చోట మెత్తగా, ఉడికినట్టు కనిపిస్తుంది.

ఖాళీ లేయర్ మీద మెత్తటి బ్రష్ తీసుకోండి, గాఢత 10 శాతం లోపు. కాళ్లకి ఎడమవైపు రాగి రంగు తీసుకుని ఎడమ నుంచి, కుడివైపు రంగు తీసుకుని కుడి నుంచి, వంపు ఎటు తిరిగితే అటే పూయండి. రెండూ మధ్యలో కలుస్తాయి. అప్పుడు అక్కడ నున్నగా అయిపోతుంది కాబట్టి ఆ లేయర్‌కి మాత్రమే రవ్వంత నాయిస్ కలపండి, ఒకటి రెండు శాతం, పక్కనున్న గ్రెయిన్‌తో సరిపోయేంత. చివర్లో దాని మీద సన్నటి గీతలు రెండు మూడు పక్క నుంచి క్లోన్ చేసి తెచ్చుకోండి. గంటన్నర పని.

నీలికుంచె | మంగళవారం, ఉదయం 11:15

నేను బొమ్మలు వేస్తాను, ఫోటోలూ తీస్తాను. రెంటి ప్రింట్లూ అమ్ముతుంటాను. ఒక మాట చెప్పాలి.

మీరు 100 శాతానికి పెంచి చూస్తున్నది ఎంత పెద్ద బొమ్మో లెక్క వేసుకున్నారా? మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌లో అంగుళానికి 92 పిక్సెళ్లు ఉంటాయి. అంటే మీ 6000 పిక్సెళ్లు దాని మీద 65 అంగుళాల వెడల్పు బొమ్మ. మీ ప్రింట్ 18 అంగుళాలు, అంగుళానికి 333 పిక్సెళ్లు. ఒక గోడంత బొమ్మకి ముక్కు ఆనించి మచ్చలు వెతుకుతున్నారు. అందుకే ఆపలేకపోతున్నారు. దుమ్ము పట్టుకోవడానికి 100 శాతం సరే. ఏది ఉంచాలో తేల్చుకోవడానికి మాత్రం అలాంటి స్క్రీన్‌లో 28 శాతం దగ్గర, ప్రింట్ ఎంత ఉంటుందో అంత సైజులో పెట్టి చూడండి.

ఇంకోటి, బొమ్మను తలకిందులుగా తిప్పి చూడండి. కూజా, సీసా అని పేర్లు పోయి వెలుగు, చీకటి ముక్కలుగా కనిపిస్తాయి. ఎక్కడ అనవసరంగా కన్ను లాగుతోందో వెంటనే తెలుస్తుంది. మీరు పెట్టిన చిన్న బొమ్మలో నాకు కింద ఎడమ మూలన గుడ్డ కొస తెల్లగా అంచుని తాకుతున్నట్టు ఉంది. చూపు అక్కడి నుంచి ఫ్రేమ్ బయటికి జారిపోతోంది. బర్న్ చేసి కొంచెం చీకటి చేయండి. ఫ్రేమ్ కట్టాక అంచుల్లో తప్పులు ఇంకా ఎక్కువ తెలుస్తాయి.

చీకటిగది | మంగళవారం, మధ్యాహ్నం 1:40

నీలికుంచె గారు సైజు గురించి అన్నది ఎంత ముఖ్యమో చెప్పలేను. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన క్యాప్సికం ఫోటోలు 8 × 10 అంగుళాల నెగటివ్ మీద తీసినవి. దాన్ని కాగితానికి ఆనించి అదే సైజులో కాంటాక్ట్ ప్రింట్ తీసేవారు. చెక్ ఫోటోగ్రాఫర్ జోసెఫ్ సుదెక్ కూడా 1940 నుంచి ఎక్కువగా కాంటాక్ట్ ప్రింట్ల వైపే వెళ్లారు. తన స్టూడియో కిటికీ దగ్గర, ఆవిరి పట్టిన అద్దం, ఒక గాజు గ్లాసు పెట్టుకుని ఏళ్ల తరబడి తీశారు. ఆ ఆవిరిని ఎవరైనా తుడిచేస్తే ఆ ఫోటోల్లో ఏం మిగులుతుంది? వాళ్లు పని చేసింది చేతిలో పట్టుకునే కాగితం సైజులో. మనకి స్క్రీన్ వచ్చాక ఆ కొలత చేజారింది.

తొలికిరణం | బుధవారం, రాత్రి 8:30

ట్రైపాడ్ కాళ్లు పోయాయి! షోకేస్ గారికి చాలా చాలా థాంక్స్. గుడ్డ కొస కూడా చీకటి చేశాను, నీలికుంచె గారు చెప్పింది నిజమే.

ఈ రోజు మ్యాట్ (మెరుపు లేని) కాటన్ కాగితం మీద ఒక ప్రింట్ వేయించి చూశాను. మూడు సమస్యలు. మొత్తం బొమ్మ చీకటిగా వచ్చింది, కుడివైపు గోడ, సీసా నీడ కలిసి నల్ల ముద్ద అయిపోయాయి. రాగి ఎరుపు చచ్చిపోయి మట్టి రంగు వచ్చింది. గోడ మధ్యలో ఒక తెల్ల చుక్క, సూదిమొనంత. ఫైల్‌లో ఆ చుక్క కోసం గంట వెతికాను, దొరకలేదు.

ప్రింట్‌గది | బుధవారం, రాత్రి 9:25

ప్రింటింగ్ నా వృత్తి. ముందు తేలికైనది చెప్తాను. ఆ తెల్ల చుక్క మీ ఫైల్‌లో లేదు, వెతకడం ఆపేయండి. కాటన్ కాగితం మీద వదులుగా సన్నటి పీచు రేణువులు ఉంటాయి. వాటి మీద ఇంక్ పడుతుంది, తర్వాత రేణువు రాలిపోతుంది, కింద తెల్ల కాగితం బయటపడుతుంది. ముదురు రంగు గోడ మీద అది చుక్కలా కనిపిస్తుంది. ప్రింటర్‌లో పెట్టేముందు కాగితాన్ని మెత్తటి వెడల్పు కుంచెతో ఒకసారి తుడిచి, ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తట్టాలి. మీకు ప్రింట్ వేసేవాళ్లని అడగండి, అది చేస్తున్నారో లేదో.

చీకటిగా రావడం స్క్రీన్ వల్ల. కొన్న రోజు ఉన్న వెలుగులోనే వదిలేస్తే స్క్రీన్ చాలా ప్రకాశంగా ఉంటుంది, మీరు దానికి తగ్గట్టు ఫోటోను చీకటి చేసుకుంటారు. స్క్రీన్‌ను క్యాలిబ్రేట్ చేయించి (వెలుగు, రంగులు పరికరంతో కొలిచి సరిచేయించి) చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాల వెలుగు మధ్య పెట్టుకోండి. పరికరం లేకపోతే ప్రస్తుతానికి ఒక పని చేయండి. మీరు ప్రింట్ చూసే దీపం కింద తెల్ల కాగితం పెట్టి, స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. రెండూ దాదాపు ఒకే వెలుగులో కనిపించే వరకు స్క్రీన్ తగ్గించండి.

ఇక నల్ల ముద్ద. మ్యాట్ కాగితం నలుపు లోతు సాంద్రతలో (సంఖ్య పెరిగేకొద్దీ ముదురు నలుపు) సుమారు 1.6 దగ్గర ఆగుతుంది. బరైటా (బేరియం సల్ఫేట్ పూత ఉన్న మెరిసే) కాగితం 2.2 దాటుతుంది. స్క్రీన్‌లో మీకు కనపడిన నీడల తేడాలు మ్యాట్‌లో పట్టే చోటే లేదు. మీ సాఫ్ట్‌వేర్‌లో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపే పద్ధతి) తెరిచి ఆ కాగితం ఐసీసీ ప్రొఫైల్ (ఆ ప్రింటర్, కాగితం రంగులను ఎలా చూపిస్తాయో చెప్పే ఫైలు) పెట్టండి. ప్రొఫైల్ ప్రింట్ వేసేవాళ్లు ఇస్తారు. బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ (ఫైల్‌లోని నలుపుని కాగితం నలుపుకి సర్దేది) ఆన్‌లో ఉంచండి. అప్పుడు బొమ్మ ఒక్కసారిగా వెలసినట్టు కనిపిస్తుంది, భయపడకండి. ఆ చూపులోనే కర్వ్స్‌తో నీడలు కొంచెం ఎత్తండి. ఈ సవరణ అసలు ఫైల్‌లో కాకుండా ఆ కాగితం పేరుతో వేరే గ్రూపులో పెట్టుకోండి. రేపు కాగితం మారితే ఇది పనికిరాదు.

రాగి రంగు కూడా అదే కథ. వెలుగు తగిలిన రాగి నారింజ చాలా గాఢం, మ్యాట్ కాగితం పట్టగల రంగుల పరిధి దాటి ఉంటుంది. రెండరింగ్ ఇంటెంట్ (పరిధి దాటిన రంగులను ఎలా సర్దాలో చెప్పే సెట్టింగ్) రిలేటివ్ కలరిమెట్రిక్, పర్సెప్చువల్ రెండూ మార్చి చూడండి. మొదటిది పరిధి దాటిన రంగులను అంచు దగ్గరే నరికేస్తుంది, రాగి మెరుపులో తేడాలు పోయి ఒకే పూత అవుతుంది. రెండోది అన్ని రంగులనూ కొంచెం కొంచెం లోపలికి జరుపుతుంది, తేడాలు మిగులుతాయి. ఈ బొమ్మకి రెండోది బాగుంటుందని నా అంచనా, కానీ ప్రొఫైల్‌ని బట్టి మారుతుంది. నారింజ గాఢతను మీరే చేత్తో కొద్దిగా తగ్గిస్తే ఇంకా మంచిది.

నా సలహా అడిగితే, ఈ బొమ్మకి మ్యాట్ వద్దు. రాగి, గాజు రెండూ మెరిసే వస్తువులు, వెనక లోతైన చీకటి. బరైటా మీద ఒక ముక్క వేయించి చూడండి. మొత్తం బొమ్మ అక్కర్లేదు. కూజా పొట్ట, సీసా నీడ, గోడ చీకటి మూడూ వచ్చేలా నాలుగు అంగుళాల పట్టీ చాలు.

కొత్తచిగురు | బుధవారం, రాత్రి 9:52

బరైటాలో మెరుపు తళుకులు పూర్తి తెలుపు, 255 (0 నలుపు, 255 తెలుపు అనే కొలతలో) దగ్గర ఉండొచ్చా?

ప్రింట్‌గది | బుధవారం, రాత్రి 10:10

సూదిమొనంత తళుకు అయితే ఫర్వాలేదు. వేలిగోరంత తెలుపు ఉంటే దాన్ని 245, 250 మధ్యకి దించండి. 255 దగ్గర ఇంక్ అసలు పడదు. మెరిసే కాగితం మీద పిగ్మెంట్ ఇంక్ పడిన చోటుకీ పడని చోటుకీ మెరుపు తేడా ఉంటుంది. పక్క నుంచి చూస్తే అక్కడ చిల్లు పడినట్టు కనిపిస్తుంది.

నీలికుంచె | గురువారం, ఉదయం 10:05

పట్టీ వచ్చాక దాన్ని ఒక్క చోట చూసి తేల్చేయకండి. పగలు కిటికీ దగ్గర, రాత్రి పసుపు దీపం కింద, రెండు చోట్లా చూడండి. ప్రింట్ల పనిలో చూసే ప్రామాణిక వెలుగు 5000 కెల్విన్ (పగటి వెలుగు లాంటి తెలుపు), కానీ కొన్నవాళ్ల గదిలో దీపం 2700 ఉండొచ్చు. ఆ పసుపు వెలుగులో రాగి ఇంకా ఎర్రబడుతుంది, ఆకుపచ్చ సీసా మసకబారుతుంది. కొనేవాళ్లని ఎక్కడ తగిలిస్తారో అడగడంలో తప్పు లేదు. నేను ఎప్పుడూ అడుగుతాను, వాళ్లూ సంతోషంగా చెప్తారు.

ఒక పెన్సిల్ పట్టుకుని తప్పులు ఆ ప్రింట్ మీదే చుట్టండి. ఇప్పటి నుంచి స్క్రీన్ మీద కొత్త మచ్చలు వెతకొద్దు. కాగితం మీద కనపడిందే సరిచేయండి.

తొలికిరణం | శనివారం, సాయంత్రం 6:15

బరైటా పట్టీ వచ్చింది. చేతిలోకి తీసుకోగానే నోట మాట రాలేదు. చీకట్లో సీసా అంచు సన్నగా, ఆకుపచ్చగా కనిపిస్తోంది. మ్యాట్‌లో అది లేనే లేదు.

పెన్సిల్‌తో చుట్టినవి నాలుగే. వేలిముద్ర మిగిలిన కొస ఒకటి, గోడ మీద ఒకే హీలింగ్ అతుకు రెండు చోట్ల అచ్చం ఒకేలా కనిపించడం, పూలకొమ్మ చుట్టూ తెల్లటి సన్న అంచు. మూడు రాత్రులు నేను తుడిచిన వందల మచ్చల్లో మిగతావేవీ కాగితం మీద కనిపించలేదు.

ఆ తెల్ల అంచు ఎందుకొచ్చింది? షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) వల్లేనా?

షోకేస్ | శనివారం, సాయంత్రం 6:48

అవును. మీరు రా ఫైల్ (కెమెరా ఇచ్చే అసలు ఫైలు) తెరిచినప్పుడు ఒకసారి, ప్రింట్‌కి ముందు ఇంకోసారి మొత్తం బొమ్మకి షార్పెనింగ్ ఇచ్చి ఉంటారు. ప్రింట్ షార్పెనింగ్ చివరి పని. సైజు మార్చాక, నకలు ఫైల్ మీద చేయండి. మాస్క్ పెట్టి కూజా, సీసా, గుడ్డ నేతకి మాత్రమే ఇవ్వండి. చీకటి గోడకి వద్దు, గ్రెయిన్ గరగరలాడుతుంది. పూలకొమ్మ దగ్గర బ్రష్‌తో తగ్గించేయండి. మ్యాట్‌లో ఇంక్ కొంచెం పాకుతుంది కాబట్టి ఎక్కువ షార్పెనింగ్ పడుతుంది. బరైటాకి అంత అక్కర్లేదు.

చీకటిగది | శనివారం, రాత్రి 9:20

చివరి ప్రింట్‌లో మళ్లీ తెల్ల చుక్క ఒకటి వస్తే మొత్తం పారేయకండి. డార్క్‌రూమ్ రోజుల్లో నెగటివ్ మీది దుమ్ము ప్రతి ప్రింట్ మీదా తెల్ల చుక్కలు వదిలేది. సన్న కుంచె దాదాపు పొడిగా చేసుకుని, పలచటి రంగు చుక్క చుక్కగా పెట్టి చుట్టూ ఉన్న నీడతో కలిపేవాళ్లం. పిగ్మెంట్ ప్రింట్‌కీ అదే పని చేయొచ్చు. ముందు పాడైన పట్టీ మీద సాధన చేయండి. కుంచె తడి ఎక్కువైతే మెరిసే కాగితం మీద మచ్చ పడుతుంది, అది పోదు.

సొట్ట ఎలా వచ్చింది? చూడాలని ఉంది.

ప్రింట్‌గది | ఆదివారం, ఉదయం 8:40

ప్రింట్ వచ్చిన తర్వాతి సంగతులు కూడా చెప్పేస్తాను. తాకితే ఆరినట్టే ఉంటుంది కానీ ఇంక్‌లోని ద్రావకాలు ఇంకా ఆవిరవుతూ ఉంటాయి. కనీసం 24 గంటలు గాలికి ఉంచాకే ప్యాక్ చేయండి. వెంటనే అద్దం వెనక బిగిస్తే లోపల మసక పడుతుంది. నూలు చేతితొడుగులు వేసుకోండి. ముఖం మీద యాసిడ్ లేని పలచటి కాగితం వేసి, రెండు గట్టి అట్టల మధ్య చదునుగా పంపండి.

బరైటా ముందువైపు పెన్సిల్ సరిగ్గా పట్టదు. పిగ్మెంట్ ఇంక్ పెన్నుతో తెల్ల అంచులో సంతకం పెట్టండి, లేదా వెనక మెత్తటి పెన్సిల్‌తో. సంఖ్య వేస్తే, 1/15 (పదిహేనులో మొదటిది) అని రాస్తే, మొత్తం ప్రింట్లు పదిహేను దాటకూడదు. అది కొన్నవాళ్లకి మీరిచ్చే మాట. ఏ కాగితం, ఏ ఇంక్, ఏ ఫైలు, ఏ తేదీ అన్నది ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. రెండో ప్రింట్ ఆరు నెలల తర్వాత అడిగితే మొదటిదానిలాగే రావాలి.

తొలికిరణం | మంగళవారం, రాత్రి 9:05

పూర్తి ప్రింట్ నిన్న వచ్చింది. ఈ రోజు పగలంతా గదిలో నిలబెట్టి వచ్చిపోతూ చూశాను. తెల్ల చుక్క ఒకటి వచ్చింది, గోడ మీదే. పట్టీ మీద ఇరవై సార్లు సాధన చేశాక కుంచెతో మూడు చుక్కలు పెట్టాను. ఇప్పుడు అది ఎక్కడుందో నాకే వెతుక్కోవాల్సి వస్తోంది.

కొనేవాళ్లకి ప్రింట్ ఫోటో తీసి పంపాను. ట్రైపాడ్ ప్రతిబింబం తీసేశానని, దుమ్ము తుడిచానని, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే అని రాశాను. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న కూజాకి ఆ సొట్ట ఎలా పడిందని.

చీకటిగది గారూ, ఆ చోటు దగ్గరగా తీసిన ఫోటో కింద పెడుతున్నాను. సంతకం రేపు పొద్దున పగటి వెలుగులో పెడతాను.

చీకటిగది | మంగళవారం, రాత్రి 9:31

చూశాను. పై అంచున ఆ సన్నటి వెలుగు గీత ఉంది చూశారా, అదే. సంతకానికి ముందు పెన్ను అదే కాగితం ముక్క మీద గీసి, పది నిమిషాలాగి వేలితో రుద్ది చూడండి.